పన్నెండు గళ్ల పట్టిక

ఆరో తరగతి పిల్లవాడికి వచ్చే మొదటి సందేహమే అసలైన సందేహం. ప్లేకు ప్లేడ్, వాంట్‌కు వాంటెడ్ ఉన్నప్పుడు గోకు వెంట్ ఎక్కడి నుంచి వచ్చింది? చాలా తరగతి గదుల్లో దీనికి దొరికే జవాబు ఒకటే: అదంతే, బట్టీ పట్టు. పిల్లలు పడతారు. గో, వెంట్, గాన్. కమ్, కేమ్, కమ్. ఎక్కాల్లాగా, వేమన పద్యాల్లాగా నోటికి వచ్చేస్తాయి. ఆ తర్వాత మాస్టారు బోర్డు మీద అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు గళ్లు గీస్తారు. పన్నెండు టెన్సులు. ఇంగ్లిష్ పుట్టినప్పుడే ఈ పట్టిక కూడా పుట్టిందని పిల్లలు అనుకుంటారు. అడిగిన ప్రశ్నకు నిజానికి మంచి జవాబుంది. పట్టికకూ ఓ పుట్టుక కథ ఉంది.

పాత ఇంగ్లిష్‌లో గోకు భూతకాల రూపం ఏఓడె. దానికి వెంట్‌తో ఏ సంబంధమూ లేదు. వెండ్ అని మరో క్రియ ఉండేది. మళ్లడం, దారి పట్టడం అని దాని అర్థం. సెండ్‌కు సెంట్ ఉన్నట్టే వెండ్‌కు వెంట్. మధ్యయుగం ముగిసేసరికి ఏఓడె జనం నోట అరిగిపోయింది. ఖాళీ అయిన ఆ చోట్లోకి వెంట్ వచ్చి కూర్చుంది. ఉన్న రూపాన్ని పోగొట్టుకున్న వెండ్, వెండెడ్ అని కొత్తది కుట్టించుకుంది. ఒక క్రియ ఇంటికి ఇంకో క్రియ బిడ్డ దత్తత వచ్చిందన్నమాట. రా అని పిలిచి, వచ్చాడు అని చెప్పుకునే తెలుగువాళ్లకు ఇది అంత వింతగా తోచనక్కర్లేదు.

సింగ్, శాంగ్, సంగ్ లాంటివి వేరే కోవ. ఇవి చాలా పాతవి. క్రియ లోపలి అచ్చును మార్చి కాలాన్ని చెప్పడం, ఇంగ్లిష్ చేరిన జర్మానిక్ భాషా కుటుంబానికి పూర్వీకుల నుంచి దక్కిన ఆస్తి. డ్ లేదా ట్ ధ్వనిని చివర తగిలించి భూతకాలం చేయడం ఆ కుటుంబం తర్వాత సొంతంగా కల్పించుకున్న పద్ధతి. సులువైనది కాబట్టి అదే గెలుస్తూ వచ్చింది. హెల్ప్‌కు ఒకప్పుడు హోల్ప్, హోల్పెన్ అనే రూపాలుండేవి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో హోల్పెన్ ఇంకా కనిపిస్తుంది. ఇప్పుడది హెల్ప్‌డ్. అయితే దారి ఎప్పుడూ ఒకవైపే సాగలేదు. అదే బైబిల్లో డిగ్‌కు డిగ్డ్ అని చక్కని క్రమరూపం ఉంది. జనం దాన్ని వదిలి డగ్ అనడం మొదలుపెట్టారు. వేర్ కూడా ఒకప్పుడు క్రమరూపంతో నడిచిందే, తర్వాత వోర్ అయింది. ఫ్రెంచి నుంచి వచ్చిన క్యాచ్ అయితే కాట్ అనే వంకర రూపాన్ని ఇక్కడే సంపాదించుకుంది.

2007లో హార్వర్డ్ పరిశోధకులు నేచర్ పత్రికలో దీన్ని లెక్కగట్టి చూపించారు. పాత ఇంగ్లిష్‌లో క్రమం తప్పిన 177 క్రియలను తీసుకుని వాటి వెంట నడిచారు. మధ్య ఇంగ్లిష్‌కు వచ్చేసరికి 145 మిగిలాయి, నేటికి 98. ఎక్కువగా వాడే క్రియ ఆలస్యంగా మారుతుంది, అరుదుగా వాడేది త్వరగా చివర ఈడీ తగిలించుకునే దారి పడుతుంది. వంద రెట్లు తక్కువ వాడకం ఉన్న క్రియ పది రెట్లు వేగంగా మారుతుందని వాళ్ల సూత్రం. బీ, హ్యావ్, డూ, గో, సే ఎందుకు మారలేదో దీంతో అర్థమవుతుంది. రోజూ నోట్లో నానే మాటకు మతిమరుపు ఉండదు. పిల్లవాడు బట్టీ పట్టే జాబితా భాష చేసిన తప్పుల చిట్టా కాదు, జనం అన్నిటికంటే ఎక్కువగా వాడుకున్న మాటల చిట్టా.

ఇక కాలాల సంగతి. పాత ఇంగ్లిష్ క్రియకు ఉన్నవి రెండే కాలాలు. ఒకటి గడిచినది, రెండోది గడవనిది. రేపు చేసే పనిని కూడా వర్తమాన రూపంతోనే చెప్పేవారు. మిగతావన్నీ ఇతర క్రియలను అరువు తెచ్చి కట్టుకున్నవే. విల్ అంటే కోరుకోవడం, షల్ అంటే బాకీ పడి ఉండడం. కోరికా బాకీ కలిసి భవిష్యత్తు అయ్యాయి. ఆ తర్వాత గోయింగ్ టు వచ్చింది. ఏదో పని మీద నడిచి వెళ్తున్నానని చెప్పడానికి పుట్టిన ఈ మాట, 17వ శతాబ్దానికల్లా కాలు కదపకుండానే జరగబోయేదాన్ని చెప్పడానికి వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు రాసిన ‘జరగబోయే’ అనే మాటలోనే అదే కిటుకు ఉంది. జరగ, పోవు. వాన పడబోతోంది అన్నప్పుడు తెలుగువాళ్లు కూడా పోవడాన్నే భవిష్యత్తు చేశారు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోని రెండు భాషలు ఒకే దారి తొక్కడం ఎంత అందమైన విషయమో టెన్సుల పాఠంలో ఎవరూ చెప్పరు.

కంటిన్యూయస్ కూడా అంతే. యామ్ డూయింగ్ అనే మాటలో యామ్ అంటే ఉన్నాను. చేస్తున్నాను అన్నది చేస్తూ, ఉన్నాను కలిసిన మాటే. ఇంగ్లిష్‌లో ఈ రూపం బాగా విస్తరించింది గత నాలుగైదు వందల ఏళ్లలోనే. 18వ శతాబ్దపు ఇంగ్లిష్‌వాడు ఇల్లు కడుతున్నారని చెప్పాలంటే ద హౌస్ ఈజ్ బిల్డింగ్ అనేవాడు, ఇల్లే ఏదో కడుతున్నట్టుగా. ఈజ్ బీయింగ్ బిల్ట్ అనే రూపం ఆ శతాబ్దం చివర్లో ఉత్తరాల్లో తొంగిచూసింది. కవి రాబర్ట్ సౌదీ 1795లో రాసిన ఉత్తరంలో అలాంటి వాక్యం ఉంది. పండితులు మాత్రం మండిపడ్డారు. అమెరికా విమర్శకుడు రిచర్డ్ గ్రాంట్ వైట్ 1870 నాటి తన పుస్తకంలో దీన్ని ఖండించడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆయన తప్పన్న రూపాన్నే ఈనాడు పాసివ్ వాయిస్ పరీక్షలో రాయకపోతే మార్కులు పోతాయి.

తెలుగు పిల్లలను అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టేది పర్ఫెక్ట్. కారణం దాని పుట్టుకలోనే ఉంది. ఐ హ్యావ్ రిటెన్ అనేదానికి తొలి రూపం దాదాపు ‘రాసి ఉన్న ఉత్తరం నా దగ్గరుంది’ అన్నట్టు ఉండేది. వస్తువును కలిగి ఉండడం క్రమంగా పనిని కలిగి ఉండడంగా మారింది. రావడం, పోవడం లాంటి క్రియలకు హ్యావ్ కాకుండా ఈజ్ వాడేవారు. పాత క్రిస్మస్ కీర్తనల్లో వినిపించే ఈజ్ కమ్ దాని గుర్తే. తెలుగులో హ్యావ్ లాంటి క్రియే లేదు. ఇంగ్లిష్‌వాడు ఇంటిని హ్యావ్ చేస్తాడు, తెలుగువాడికి ఇల్లు ఉంటుంది. నిన్న చూశాను, ఇప్పుడే చూశాను, ఈ సినిమా ఇదివరకే చూశాను. మూడు చోట్లా ఒకే ‘చూశాను’. ఇంగ్లిష్‌కు వెళ్తే మొదటిది సా, మిగతా రెండూ హ్యావ్ సీన్. పిల్లవాడు తడబడితే మొద్దు అనడం అన్యాయం. తన భాషలో లేని గోడను అతను చీకట్లో తడుముకుంటున్నాడు.

జనం నోట ఇలా అతుకుల మీద అతుకులతో పెరిగిన ఈ వ్యవస్థను పండితులు లాటిన్ కొలతలతో కొలిచారు. విలియం బుల్లోకర్ 1586లో అచ్చువేసిన తొలి ఇంగ్లిష్ వ్యాకరణం, అప్పటి బడుల్లో చెప్పే విలియం లిలీ లాటిన్ వ్యాకరణాన్ని ఒరవడిగా పెట్టుకుంది. అనంతానికి ఇప్పుడు వాడే గుర్తును గణితంలోకి తెచ్చిన జాన్ వాలిస్ 1653లో ఈ లాటిన్ అచ్చును కాదన్నాడు. కానీ తన వ్యాకరణాన్ని రాసింది లాటిన్‌లోనే. ఐ, వీలకు షల్, మిగతావాటికి విల్, ప్రతిజ్ఞ చేసినా బెదిరించినా తారుమారు అనే నియమానికి మూలం ఆ పుస్తకమే. తెలుగునాట కొన్ని తరాల విద్యార్థులు ఆ నియమం మీద ఖాళీలు పూరించారు.

పన్నెండు అనే అంకెను చాలా స్పష్టంగా ముందుకు తెచ్చినవాడు జేమ్స్ హారిస్. 1751లో వచ్చిన హెర్మీస్ అనే గ్రంథంలో ఆయన కాలాన్ని తత్వవేత్తలా చూశాడు. భూత భవిష్యత్ వర్తమానాలు మూడింటినీ హద్దు లేకుండా చెప్పవచ్చు, లేదా మొదలవుతున్నట్టు, నడుస్తున్నట్టు, ముగిసినట్టు చెప్పవచ్చు. మూడు నాలుగులు పన్నెండు. ఇప్పటి పట్టికలో పర్ఫెక్ట్ కంటిన్యూయస్ ఉండే వరుసలో, ఆయన పట్టికలో మొదలవడం ఉంటుంది.

పదేళ్లకు, 1761లో, జోసెఫ్ ప్రీస్ట్‌లీ పూర్తిగా ఎదురు చెప్పాడు. తర్వాత ఆక్సిజన్ పరిశోధనతో పేరు పొందిన శాస్త్రవేత్త ఈయనే. ఇంగ్లిష్ క్రియ భవిష్యత్తు కోసం తన రూపం మార్చుకోదు కనుక ఇంగ్లిష్‌కు ఫ్యూచర్ టెన్సే లేదని, వేరే భాషలో దాన్ని చూసి ఉండకపోతే ఎవరూ ఆ పేరు పెట్టేవారే కాదని ఆయన వాదం. వస్తువును పరీక్షించి చూసే అలవాటున్న మనిషి చూపు అది. నేటి భాషాశాస్త్రవేత్తల్లో చాలామంది ఆయన పక్షమే. కానీ బడి ఆయన మాట వినలేదు. అమెరికాలో లాయరుగా పనిచేసి యార్క్ దగ్గర స్థిరపడిన లిండ్లీ మర్రే, 1795లో ఒక బాలికల బడి కోసం రాసిన వ్యాకరణంలో లాటిన్ పద్ధతిలో ఆరు కాలాలు పెట్టాడు. అట్లాంటిక్‌కు రెండు వైపులా దశాబ్దాలపాటు అదే చదివారు.

భారతీయ బడులకు పన్నెండు గళ్లు చేరవేసిన పుస్తకాల్లో రెండిటిని చెప్పుకోవాలి. వాయవ్య రాష్ట్రాల విద్యాశాఖలో పనిచేసిన జె.సి. నెస్‌ఫీల్డ్ 19వ శతాబ్దం చివర్లో రాసిన వ్యాకరణాలు ఒకటి. ఒక్కో కాలానికి ఇండెఫినిట్, కంటిన్యూయస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యూయస్ అనే నాలుగు రూపాలు అందులో ఉన్నాయి. 1930ల మధ్యలో బొంబాయి నుంచి వచ్చిన రెన్ అండ్ మార్టిన్ రెండోది. ఆ రెన్, బొంబాయి ప్రెసిడెన్సీ విద్యాశాఖలో పనిచేసిన పి.సి. రెన్, బో జెస్ట్ నవల రాసినవాడు. తర్వాతి ముద్రణలను సవరించిన ఎన్.డి.వి. ప్రసాదరావు పేరు చాలా ఏళ్లు ఆ పుస్తకం మీద కనిపించింది.

ఇదంతా జరుగుతుండగా తెలుగువాళ్ల దగ్గర ఒక మంచి పనిముట్టు వాడకం లేకుండా ఉండిపోయింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. అందులో భూత భవిష్యద్వర్తమానాలతోపాటు తద్ధర్మం అనే నాలుగోది ఉంది. కాలంతో నిమిత్తం లేకుండా స్వభావాన్నీ అలవాటునూ చెప్పేది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, ఆయన కాఫీ తాగడు. సింపుల్ ప్రెజెంట్ ఎక్కువగా చేసే పని సరిగ్గా ఇదే. దాన్ని వర్తమానం అని అనువదించి చెప్పడం వల్లే, ఎదుట జరుగుతున్న పనికి ఐ గో అని, అలవాటుకు ఐ యామ్ గోయింగ్ అని రాసే తారుమారు మొదలవుతుంది. పదేళ్లుగా గుంటూరులో ఉంటున్నాను అనేది ఐ యామ్ లివింగ్ సిన్స్ టెన్ ఇయర్స్ అయిపోవడం కూడా ఇలాంటిదే. తెలుగు వాక్యం తన దారిన తాను నడిచింది, హ్యావ్ బీన్ దగ్గర ఇంగ్లిష్ దారి చీలింది. ఆ చీలిక ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే పిల్లలకు ఒక్క పూటలో అర్థమవుతుంది.

హార్వర్డ్ పరిశోధకులు తమ వ్యాసంలో ఒక జోస్యం కూడా చెప్పారు. ఇకమీదట క్రమరూపంలోకి జారబోయే క్రియల్లో మొదటిది వెడ్ కావచ్చని. పెళ్లాడడం అనే అర్థంలో ఇంగ్లిష్ దేశాల్లోనే దాన్ని అరుదుగా వాడుతున్నారు. తెలుగునాట మాత్రం ప్రతి ముహూర్తానికీ శుభలేఖ మీద, కల్యాణ మండపం గేటు దగ్గర పూలతో అల్లిన బోర్డు మీద వరుడి పేరుకూ వధువు పేరుకూ నడుమ ఆ క్రియ ఉంటుంది. సింపుల్ ప్రెజెంట్, చివర ఎస్‌తో సహా: వెడ్స్.