కరగని ఇనుము

సీసా మూత ఊడదీసి పారేస్తాం. ఆ మూతకి రేకు దొరక్క ఒక ఊళ్లో ఏకంగా ఇనుము ఫ్యాక్టరీయే పెట్టారంటే నమ్ముతారా? ఆ ఊరు మెక్సికోలోని మాంటెరే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా నుంచి రేకు రావడం కష్టమైపోతే, అక్కడి బీరు కంపెనీవారు (బీరు సంగతి మనకెందుకు లెండి) 1943లో సొంత కర్మాగారం పెట్టుకున్నారు. కరిగించడానికి పాత ఇనుప తుక్కు కావాలి. తీరా చూస్తే దానికీ కరువే, ధర మండిపోయింది. తుక్కు లేకపోతే ఇనుపరాయి లేదా అన్నారు ఇంజనీర్లు.

ఇనుపరాయి అంటే ఇనుమూ ఆక్సిజనూ కలిసిన ముద్ద, మన కత్తిపీటకి పట్టే తుప్పుకి దగ్గర చుట్టం. బ్లాస్ట్ ఫర్నేసులో అయితే కోక్ వేసి ఇనుమును నీళ్లలా కరిగిస్తారు. వీళ్లు కరిగించలేదు. సహజవాయువు నుంచి తయారుచేసిన వేడి వాయువుల్ని రాళ్ల గుండా పంపితే, అవి ఆక్సిజన్‌ను లాక్కుపోయాయి. రాయి ఆకారం రాయిదే. ఒంటినిండా మాత్రం అట్టు మీద చిల్లుల్లా చిల్లులు! అందుకే దాన్ని స్పాంజి ఐరన్ అన్నారు. 1957లో ఈ ఫ్యాక్టరీ పని మొదలుపెట్టింది.

కొత్త విద్య అని దీనికి పేరొచ్చింది. నాకైతే నవ్వొస్తుంది. మట్టి కొలిమిలో రాయీ కట్టెబొగ్గూ పోసి, తోలుతిత్తులతో ఊది, కరగకుండానే ఇనుపముద్ద తీసి, సమ్మెటతో చిట్టెం రాలగొట్టడం మన పల్లెలకి వందల ఏళ్లుగా తెలుసు. మధ్య భారతంలోని అగారియాల్లో ఆడవాళ్లు కూడా తిత్తులు తొక్కేవారు. అలాంటి ఇనుమునే మూసల్లో పెట్టి ఉక్కుగా మారిస్తే, నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం దాకా పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయారు.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు ఇనుము చవగ్గా ఓడలెక్కి వచ్చింది. బొగ్గు కాల్చుకునే అడవికి ఆంక్షలు పెట్టారు. కొలిములు చల్లారాయి. బజారు ఇనుము కొని కర్రులు సాగగొట్టడమే కమ్మరికి మిగిలింది. ఏ ఇంట్లో విద్య ఆ ఇంట్లోనే చాలావరకు పోయింది.

1980లో అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచలో, ఐక్యరాజ్యసమితి సాయంతో, స్పాంజి ఐరన్ ఇండియా వారి ప్లాంటు మొదలైంది. ఏడాదికి 30,000 టన్నులు. కాస్త వాలుగా పడుకోబెట్టిన పెద్ద గొట్టం మెల్లగా తిరుగుతూ ఉండేది. అందులో ఇనుపరాయి, కోక్‌కి పనికిరాని మన సింగరేణి బొగ్గు. వేడి వెయ్యి డిగ్రీల పైమాటే, కానీ ఇనుము కరగాలంటే 1,538 కావాలి. 2003 నాటికి ప్రపంచంలోకెల్లా ఎక్కువ స్పాంజి ఐరన్ చేసే దేశం మనదే అయింది. అందులో ఎక్కువ పాలు గ్యాసుతో కాదు, కొలిమివాళ్లలా బొగ్గుతో తీసిందే.