రుతువు మారితే రక్షణ దుస్తులూ మారాలి: ద్విచక్ర వాహనదారులు తెలుసుకోవలసిన విషయాలు

ఇచ్ఛాపూర్ (సూరత్): సూరత్ నగరం నుంచి హజీరా రేవు వైపు సాగే జాతీయ రహదారిపై ఉన్న ఇచ్ఛాపూర్‌కు, శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురానికి పేరులోని పోలిక తప్ప మరే సంబంధమూ లేదు. అయితే తెలుగువారికి ఈ దారి కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని కోసం తరలివచ్చి లింబాయత్, ఉధ్నా వంటి పేటల్లో స్థిరపడిన కుటుంబాలు సూరత్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి. ఇచ్ఛాపూర్‌లోని పారిశ్రామికవాడ, వజ్రాభరణాల పార్కు, ఆపైన హజీరాలోని ఉక్కు, ఎరువులు, పెట్రోరసాయన కర్మాగారాల్లో పనిచేసేవారిలో చాలామంది షిఫ్టు వేళలకు మోటారు సైకిళ్లపైనే ప్రయాణిస్తారు. మే నెలలో ఉప్పుగాలితో కూడిన ఉక్కపోత, జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండపోత, జనవరిలో గాలిపటాల దారం. ఒకే దారిలో ఒకే మనిషికి ఏడాదిలో మూడు వేర్వేరు ప్రమాదాలు ఎదురవుతాయి. ఏ కాలంలో ఏది ధరించాలన్న ప్రశ్నకు ఇక్కడ దొరికే సమాధానం విశాఖపట్నానికీ, హైదరాబాద్‌కూ కొద్ది మార్పులతో వర్తిస్తుంది.

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. హెల్మెట్ ధరించకపోవడం వల్ల ప్రాణాలు కోల్పోయినవారు 50,029 మంది కాగా, వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. అందువల్ల వాతావరణం గురించి మాట్లాడే ముందు, ఏ వాతావరణంలోనూ మారని వస్తువు గురించి చెప్పుకోవాలి.

హెల్మెట్: కర్మాగారంలో ఇచ్చేది పనికిరాదు

మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపేవారైనా వెనుక కూర్చున్నవారైనా, హెల్మెట్ ధరించి పట్టీ బిగించుకోవాలి. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది. ఉల్లంఘిస్తే 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుపై అనర్హత విధించవచ్చు. గుజరాత్ ప్రభుత్వం ఈ జరిమానాను 500 రూపాయలకు తగ్గించింది. 2019 డిసెంబరులో నగర పరిధిలో హెల్మెట్‌ను ఐచ్ఛికం చేస్తున్నట్లు ప్రకటించి, ఆ తరువాత వెనక్కి తగ్గింది కూడా. 2025 ఫిబ్రవరి నుంచి సూరత్ పోలీసులు నిబంధనను కఠినంగా అమలు చేస్తున్నారు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకుంటే వారికి తగిన హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే రక్షణ పట్టీ ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదనీ చెప్పే నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి దేశమంతటా అమలులో ఉంది.

పారిశ్రామిక ప్రాంతాల్లో తరచుగా కనిపించే పొరపాటు ఒకటుంది. కర్మాగారంలో ఇచ్చిన పసుపు పచ్చని టోపీ పెట్టుకొనే బండి నడపడం. ఆ టోపీ ఐఎస్ 2925 ప్రమాణానికి తయారవుతుంది. పైనుంచి పడే వస్తువుల నుంచి నడినెత్తిని కాపాడటం దాని పని. పక్క నుంచి తగిలే దెబ్బను తట్టుకునే మందపాటి థర్మోకోల్ పొర దానిలో ఉండదు, కింద పడినప్పుడు అది తలపై నిలవదు. వాహనదారుల హెల్మెట్‌కు ప్రమాణం ఐఎస్ 4151. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్ తయారీ, విక్రయం నిషిద్ధం. గుర్తుతో పాటు 'సీఎం/ఎల్' అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. దానిని బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేస్తే తయారీదారు వివరాలు తెలుస్తాయి. రోడ్డు పక్కన గుట్టగా పోసి అమ్మేవాటిపై ఈ పరీక్ష చేయడానికి అర నిమిషం చాలు.

అదే కర్మాగారం ఇచ్చే మిగతా సామగ్రిని మాత్రం తీసిపారేయనక్కరలేదు. వెలుగు పడితే మెరిసే పట్టీలున్న జాకెట్టు రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేవారికి ఎంతో మేలు చేస్తుంది. ఉక్కు ముక్కు ఉన్న బూట్లు చీలమండను కప్పుతాయి, పట్టు బాగుంటుంది. ముక్కు మందంగా ఉండటం వల్ల గేరు లివరు కింద పాదం దూరుతోందో లేదో మాత్రం ముందుగా చూసుకోవాలి. చెప్పులతో పోలిస్తే అవి ఎంతో నయం.

జాకెట్టుపై రాసి ఉన్న అంకెలు

రైడింగ్ జాకెట్లకు మన దేశంలో హెల్మెట్‌కు ఉన్నటువంటి నిర్బంధ నాణ్యతా ఉత్తర్వు లేదు. అందువల్ల మంచి తయారీదారులు ఐరోపా ప్రమాణాలను ఉటంకిస్తారు. దుస్తులకు ఈఎన్ 17092 ప్రకారం ఏఏఏ, ఏఏ, ఏ అనే తరగతులున్నాయి. రాపిడిని తట్టుకోవడంలో ఏఏఏ అన్నిటికన్నా పైది, బరువూ వేడీ కూడా దానికే ఎక్కువ. నగరంలో రాకపోకలకు 'ఏ' తరగతి సరిపోతుంది, రహదారి వేగాలకు 'ఏఏ' మేలు. బి తరగతిలో దెబ్బను పీల్చుకునే ప్యాడ్లు ఉండవు, సి తరగతిలో ప్యాడ్లను పట్టి ఉంచే వల తప్ప రాపిడి రక్షణ ఉండదు. భుజాలు, మోచేతులు, మోకాళ్ల ప్యాడ్లకు ఈఎన్ 1621-1, వెన్నుకు ఈఎన్ 1621-2 వర్తిస్తాయి. రెంటిలోనూ లెవెల్ 1 కంటే లెవెల్ 2 మెరుగు.

ఉష్ణ దేశాల కొనుగోలుదారులు ఎక్కువగా పట్టించుకోని గుర్తు మరొకటి ఉంది. ప్యాడ్‌పై 'టీ+' అని ఉంటే దాన్ని 40 డిగ్రీల వేడిలో ఉంచి పరీక్షించారని అర్థం. 'టీ-' అంటే మైనస్ 10 డిగ్రీల వద్ద పరీక్షించారు. మెత్తగా ఉండి దెబ్బ తగలగానే గట్టిపడే రకం ప్యాడ్ల గుణం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. మైనస్ 10 డిగ్రీల సంగతి మనకు అక్కరలేదు కానీ, ఎండలో నిలిపిన బండిపై వదిలేసిన జాకెట్టు 40 డిగ్రీలు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ దుస్తుల్లో అత్యధికం పాలియెస్టర్ లేదా నైలాన్ నేతలే. దారం బరువును డెనియర్‌లో కొలుస్తారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. కృత్రిమ వస్త్రాలకు దేశంలోనే పేరుపడ్డ సూరత్‌లో, మగ్గాల మీద పనిచేసే తెలుగువారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. వారు చీరల కోసం నేసే సన్నని పాలియెస్టర్‌కూ, జాకెట్టుకు వాడే 600 డెనియర్ దళసరి పాలియెస్టర్‌కూ ఉన్న తేడాయే ఇక్కడ కీలకం. పాలియెస్టర్ సుమారు 260 డిగ్రీల వద్ద కరుగుతుంది. పల్చని పాలియెస్టర్ చొక్కాతో తారు రోడ్డుపై జారితే రాపిడి వేడికి అది చిరగడమే కాక చర్మానికి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. జాకెట్టు లేని రోజున కనీసం దళసరి నూలు చొక్కా అయినా ఉండాలి.

రోహిణి కార్తె: పొడి వేడి వేరు, ఉక్కపోత వేరు

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయన్న సామెత రామగుండానికి అతికినట్టు సరిపోతుంది. సూరత్‌కు అంతగా సరిపోదు. సముద్రం దగ్గర కావడంతో ఇక్కడ ఉష్ణోగ్రత కొంత తక్కువైనా తేమ ఎక్కువ. దుస్తుల ఎంపికను ఈ తేడాయే నిర్ణయిస్తుంది.

మన చర్మం ఉష్ణోగ్రత దాదాపు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతవరకు అది ఒంటికి తగలడం హాయినిస్తుంది. 42, 44 డిగ్రీల గాలి తగిలితే ఒంటిలోకి వేడి చేరుతుంది, అప్పుడు శరీరాన్ని చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటే. అందువల్ల రామగుండం, నల్గొండ వంటి పొడి వేడి ప్రాంతాల్లో చొక్కా విప్పి గాలికి పోవడం కంటే, పూర్తిగా కప్పుకొని లోపలి బనియను తడిపి, జాకెట్టు గాలి రంధ్రాలను సగం మూసి ఉంచడం మేలు. తడి నెమ్మదిగా ఆరుతూ ఒంటిని చల్లగా ఉంచుతుంది. ఎడారుల్లో జనం నిండుగా వస్త్రాలు ధరించడంలోని తర్కమూ ఇదే.

సూరత్, విశాఖపట్నం వంటి తీర నగరాల్లో ఈ ఉపాయం పెద్దగా పనిచేయదు. గాలిలోనే తేమ నిండుగా ఉన్నప్పుడు తడి బనియను ఆరదు, చిరచిర మాత్రమే మిగులుతుంది. చల్లబరిచే చొక్కాలని ప్రత్యేకంగా అమ్మేవి కూడా ఇక్కడ డబ్బుకు తగిన ఫలితాన్నివ్వవు. ఈ ప్రాంతాలకు వల నేతతో గాలి ధారాళంగా ఆడే మెష్ జాకెట్టు సరైనది. దాని లోపల ఒంటికి అతుక్కోని, చెమటను పీల్చి త్వరగా ఆరబెట్టే పల్చని పొర ఉండాలి. మెష్ ఎంత పల్చనైతే రాపిడి రక్షణ అంత తగ్గుతుంది కాబట్టి భుజాలు, మోచేతుల దగ్గర దళసరి గుడ్డ ఉన్నదే ఎంచుకోవాలి.

ఎండకు ముఖానికి దుపట్టా చుట్టుకొని దానిపై హెల్మెట్ పెట్టుకోవడం గుజరాత్‌లోనూ తెలుగునాటా మహిళలకు అలవాటు. దళసరి మడతల వల్ల హెల్మెట్ తలకు పట్టి ఉండదు, పట్టీ గడ్డం కింద బిగుసుకోదు. తల, మెడలను కప్పే పల్చని బాలక్లావా తొడుగు ఈ పనిని మెరుగ్గా చేస్తుంది. దుపట్టా, చీర కొంగు చక్రంలో చిక్కుకోకుండా వెనుక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 123వ నిబంధన చెబుతోంది. అందానికి అడ్డమని దానిని తీయించేవారు కొందరున్నారు. ఆ పని చేయకూడదు.

మృగశిర దాటాక: పెంకుల కప్పు సూత్రం

సూరత్‌లో ఏడాదికి కురిసే సుమారు 1,200 మిల్లీమీటర్ల వర్షంలో దాదాపు అంతా నాలుగు నెలల్లోనే పడుతుంది. తడవకుండా ఉండేందుకు రెండు మార్గాలున్నాయి. నీటిని ఆపి ఆవిరిని మాత్రం బయటికి పోనిచ్చే పొర ఉన్న ఖరీదైన జాకెట్టు కొనడం ఒకటి, ఉన్న మెష్ జాకెట్టు పైనే వర్షపు కోటు తొడుక్కోవడం మరొకటి. మొదటిది చలి దేశాల్లో అద్భుతంగా పనిచేస్తుంది. లోపలి తేమకూ బయటి తేమకూ తేడా ఉన్నప్పుడే ఆవిరి బయటికి పోతుంది. మన వానాకాలంలో బయటి గాలే తేమతో నిండి ఉంటుంది కనుక ఆ పొర ప్రయోజనం బాగా తగ్గిపోతుంది. ఈ ప్రాంతాల వరకు రెండో మార్గమే మంచిదని చెప్పవచ్చు. ఖర్చు తక్కువ, వాన ఆగగానే తీసి సంచిలో పెట్టుకోవచ్చు.

వర్షపు కోటు కొనేటప్పుడు జాకెట్టు వేసుకొనే దుకాణానికి వెళ్లాలి. దానిపై పట్టే కొలతే కొనాలి. గుడ్డ కంటే ముందు కుట్లు చూడాలి, లోపలి వైపు కుట్ల వెంట టేపు అతికించి లేకపోతే నీరు దారం రంధ్రాల గుండా దిగుతుంది. నలుపు, ముదురు నీలం వద్దు. ముసురులో లారీ డ్రైవరుకు కనిపించేవి నిమ్మపండు పసుపు, నారింజ రంగులే. భుజాల మీదుగా వేలాడే పోంచో రకం నడిచేవారికి బాగుంటుంది, బండిపై అది గాలికి తెరచాపలా ఎగిరి చక్రంలో పడుతుంది. తాపీ నదిపై మగ్దల్లా వైపు వంతెన దాటేటప్పుడు వీచే అడ్డగాలిలో ఈ తేడా మొదటిసారికే తెలిసిపోతుంది.

వేసుకొనే తీరులో ఒకే సూత్రం. ఇంటి కప్పుపై పెంకులు పరిచినట్టు, పైది కిందిదానిని కప్పాలి. ప్యాంటు అంచు బూటు బయటికి రావాలి, చొక్కా చేయి చేతి తొడుగు పైకి రావాలి. లేకపోతే చేతి వెంట జారిన నీరంతా తొడుగులో చేరుతుంది. హెల్మెట్ అద్దానికి లోపల పట్టే ఆవిరి రాత్రివేళ వానకన్నా ప్రమాదకరం. రెండు పొరల అద్దం, లేదా లోపల అతికించే పిన్‌లాక్ పలక దీనికి మంచి పరిష్కారం. అవి లేనప్పుడు అద్దాన్ని ఒక మెట్టు తెరిచి ఉంచాలి. నల్లద్దం వానలోనూ రాత్రిలోనూ ఎంతమాత్రం పనికిరాదు. తొలకరి జల్లు పడిన మొదటి కొన్ని నిమిషాల్లో రోడ్డుపై పేరుకున్న నూనె, దుమ్ము పైకి తేలి జారుడు ఎక్కువవుతుంది. వర్షపు కోటు తొడుక్కోవడానికి ఆగిన ఆ పది నిమిషాలు రెండు విధాలా కలిసివస్తాయి.

ఉత్తరాయణం: మెడకు రక్షణ

గుజరాత్‌లో జనవరి 14న ఉత్తరాయణం అంటే గాలిపటాల పండుగ. సూరత్ మాంజాకు ప్రత్యేకమైన పేరుంది. డిసెంబరు నుంచే మేడల మీద సందడి మొదలవుతుంది, తెగిన దారాలు వీధులకు అడ్డంగా వేలాడుతుంటాయి. నైలాన్ వంటి కృత్రిమ దారాలతో చేసిన మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 జులైలో దేశవ్యాప్తంగా నిషేధించింది. అయినా ప్రమాదాలు ఆగలేదు. 2024 జనవరిలో హైదరాబాద్‌లోని లంగర్‌హౌస్ ఫ్లైఓవర్‌పై బైకుపై వెళ్తున్న ఒక సైనికుడి మెడకు మాంజా చుట్టుకోవడంతో ఆయన ప్రాణాలు కోల్పోయారు.

ఈ కాలంలో జాకెట్టు కాలరు గొంతు దాకా మూయాలి. దానిపై తోలు లేదా దళసరి గుడ్డతో చేసిన మెడ పట్టీ ధరించాలి. ఉన్ని మఫ్లరును మాంజా కోసేస్తుంది కనుక దానిని నమ్ముకోరాదు. గడ్డాన్ని కప్పే పూర్తి హెల్మెట్, మూసిన అద్దం తప్పనిసరి. గుజరాత్ నగరాల్లో ఈ రోజుల్లో హ్యాండిల్‌కు వంపు తిరిగిన లోహపు కడ్డీ బిగించుకుంటారు, దారం మనిషికి తగలకముందే దానికి తగిలి పక్కకు జారుతుంది. చూడటానికి వింతగా ఉన్నా తక్కువ ఖర్చుతో దొరికే మంచి రక్షణ అది. నడిపేవారి తల కంటే ఎత్తుగా ఉండేలా బిగించాలి. చిన్నపిల్లలను బండి ముందు నిలబెట్టడం ఏ రోజూ మంచిది కాదు, ఆ వారంలో అసలే కాదు.

చలి: సూరత్‌లో తక్కువ, ఆదిలాబాద్‌లో ఎక్కువ

తీరంలో చలికి గాలిని ఆపే పల్చని లోపలి పొర ఒకటి చాలు. ఆదిలాబాద్, అరకు ప్రాంతాల సంగతి వేరు. 10 డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి 5 డిగ్రీలున్నట్టు తోస్తుంది. ముందుగా మొద్దుబారేవి వేళ్లు, వాటితోనే బ్రేకు, క్లచ్ పట్టాలి. కాబట్టి రెండో స్వెట్టరు కంటే ముందు గాలి చొరబడని చేతి తొడుగులు కొనాలి.

అన్నీ ఒకేసారి కొనలేనివారికి వరుస ఇది: హెల్మెట్, చేతి తొడుగులు, చీలమండను కప్పే బూట్లు, ఆ తరువాత జాకెట్టు, చివరగా ప్యాంటు. కింద పడేటప్పుడు మనిషి అప్రయత్నంగా చేతులే ముందు చాపుతాడు, అందుకే తొడుగులకు రెండో స్థానం. హెల్మెట్‌కు ఒకసారి గట్టి దెబ్బ తగిలితే పైకి పగులు కనిపించకపోయినా మార్చాలి, దెబ్బ తగలకపోయినా సుమారు ఐదేళ్లకు మార్చాలని తయారీదారులు సూచిస్తారు. దానిని పెట్రోలు ట్యాంకుపై బోర్లించి ఎండలో వదిలితే పెట్రోలు ఆవిర్లకు లోపలి థర్మోకోల్ పొర దెబ్బతింటుంది. వానాకాలంలో తడిసిన లోపలి మెత్తను ఊడదీసి నీడలో, ఫ్యాను కింద ఆరబెట్టాలి.