వాడుకరి ఇంటర్‌ఫేసు రూపకల్పన

కంప్యూటరు లేదా సెల్‌ఫోను తెరపై కనబడే మాటలు, మీటలు, జాబితాలు, హెచ్చరికలు అన్నిటినీ కలిపి వాడుకరి ఇంటర్‌ఫేసు అంటారు. వాడుకరి తన పనిని పొరబడకుండా చేసుకొనేలా వీటిని అమర్చటానికి పాటించవలసిన నియమాలే రూపకల్పన సూత్రాలు. వీటిలో చాలావాటి మూలాలు కంప్యూటర్ల కంటే పాతవి. ఓడరేవుల తుపాను సూచికలు ఇందుకు ఉదాహరణ.

ఓడరేవు సూచికలు

శ్రీకాకుళం జిల్లాలో వంశధార నది బంగాళాఖాతంలో కలిసే చోట ఉన్న పాత ఓడరేవు కళింగపట్నం. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను దీనికి ఉత్తరంగా సుమారు 20 కి.మీ. దూరాన తీరం దాటింది. ఇటువంటి సమయాల్లో భారత వాతావరణ శాఖ ఓడరేవులకు 1 నుండి 11 వరకు గల సూచికలలో తగినదానిని జారీచేస్తుంది. పగలు ప్రత్యేక ఆకారాలతోను, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలతోను వీటిని చూపే పద్ధతి ఉంది. చదువు రానివారు కూడా దూరం నుండి గుర్తించగలగటం దీని గొప్పతనం.

అయితే అంకె పెరిగినకొద్దీ ప్రమాదం పెరుగుతుందనుకోవటం పొరపాటు. 5, 6, 7 సూచికలు ఒకే స్థాయి ప్రమాదాన్ని తెలుపుతాయి. తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుందన్నదే వాటి మధ్య తేడా. 8, 9, 10 మహా ప్రమాద సూచికలు, వీటిలోనూ తేడా అదే. ఇక 11 అంటే 10ని మించిన తుపాను కాదు, హెచ్చరిక కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయని అర్థం. తీవ్రత, దిశ, సమాచార స్థితి అనే మూడు సంగతులను ఒకే అంకె మోస్తున్నది. నావికులకు ఇది సంక్షిప్తమైన సంకేతమే గాని, వార్తలలో అంకె మాత్రమే విన్న మత్స్యకారునికి వేటకు వెళ్ళవచ్చునా లేదా అన్నది తేలదు.

సూత్రాలు

జాకబ్ నీల్సన్, రోల్ఫ్ మోలిచ్ 1990లో ఇంటర్‌ఫేసులను పరిశీలించే నియమాలను ప్రతిపాదించారు. 1994లో నీల్సన్ వాటిని సవరించి పది సూత్రాలుగా చేశాడు. వ్యవస్థ ప్రస్తుత స్థితిని చూపటం, వాడుకరి ఎరిగిన భాషలో మాట్లాడటం, తప్పులను ముందే నివారించటం, జరిగినవాటిని సరిదిద్దుకొనే వీలు కల్పించటం వీటిలో ముఖ్యమైనవి.

చివరి రెండూ లోపిస్తే ఏమవుతుందో హవాయిలో తెలిసింది. 2018 జనవరి 13న అక్కడి ప్రజల ఫోన్లకు క్షిపణి దాడి హెచ్చరిక పొరపాటున వెళ్ళింది. దానిని సరిదిద్దే సందేశం చేరటానికి 38 నిమిషాలు పట్టింది. పరీక్షకూ అసలు హెచ్చరికకూ తెరపై నిర్ధారణ ప్రశ్న ఒకటే. సవరణ సందేశం ముందుగా సిద్ధం చేసి లేదు. పంపిన ఉద్యోగి దాడి నిజమని భ్రమపడ్డాడు కనుక, తప్పంతా తెరదే అనటానికి వీలులేదు.

తెలుగులో ఇబ్బందులు

ఊరి పేరుకు "కు" అతికించి వాక్యం తయారుచేసే ప్రోగ్రాములో "పలాసకు", "సోంపేటకు" సరిగానే వస్తాయి. "కళింగపట్నానికి" అని రావలసినచోట మాత్రం "కళింగపట్నంకు" అని వస్తుంది, భీమిలి "భీమిలికు" అవుతుంది. హెచ్చరికలో ఇటువంటి తెలుగు కనబడితే చదివేవారికి సందేశం మీదనే అనుమానం కలుగుతుంది. "ప్రదేశం: కళింగపట్నం" అని విడిగా చూపితే ఈ చిక్కు ఉండదు. వరుసల మధ్య ఎడం చాలనప్పుడు వత్తులు తెగిపోవటం మరొక లోపం. "వెళ్ళవద్దు" అన్న మాటలో ద వత్తు కనబడకపోతే హెచ్చరిక చదవటమే కష్టమవుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన ఎత్తును తెలుగుకూ వాడటం ఇందుకు సాధారణ కారణం.