బూడిద దిబ్బలో ఎవరి ఎముకలు?

(మన నేల చరిత్ర – 7)



పోయిన నెల గుమ్మఘట్టలో మీటింగ్ అయిపోయాక, డిగ్రీ చదివే తమ్ముడొకడు నన్ను పక్కకు పిలిచి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. చేను గట్టున బూడిద రంగు గడ్డ. కరిగి గట్టిపడినట్టు బొక్కలు బొక్కలుగా ఉంది. దాని పక్కనే ఒక ఎముక ముక్క.

"అన్నా, ఇది అగ్నిపర్వతం బూడిదంట కదా? వీడియోలో చూసినా. ఎముక మనిషిదేనా? తవ్వితే ఇంకా దొరుకుతాయేమో" అన్నాడు.

"తవ్వొద్దు తమ్ముడూ" అన్నాను. ఎందుకు వద్దో అక్కడ నిలబడి ఐదు నిమిషాల్లో చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

ముందు అగ్నిపర్వతం సంగతి. ఆ బూడిద మన రాయలసీమలో నిజంగానే ఉంది. కాకపోతే గుమ్మఘట్టలో కాదు, బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద సముద్రం దాటి వచ్చి జుర్రేరు లోయలో పడింది. వాన నీళ్లు చుట్టుపక్కల బూడిదను కూడా లోయలోకి కొట్టుకొచ్చాయి. అలా కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం పేరుకుంది. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయం ఆచార్యుడు రవి కొరిశెట్టర్, వాళ్ల బృందం అక్కడ తవ్వి, 2007లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. బూడిద పొర కింద రాతి పనిముట్లు ఉన్నాయి. పొర పైన కూడా దాదాపు అలాంటివే ఉన్నాయి. అంటే అంత పెద్ద విపత్తు తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారని వాళ్ల వాదన.

కానీ ఆ బూడిద కింద మనిషి అస్థిపంజరం ఏదీ దొరకలేదు. మనిషి పుర్రె ముక్కలు దొరికింది అదే లోయలోని ఒక రాతి చరియ కింద. అవి టోబా కంటే ఎన్నో వేల ఏళ్ల తర్వాతివి. బూడిదలో పూడిపోయిన మనుషులంటే మనకు ఇటలీలోని పాంపే గుర్తొస్తుంది. 79వ సంవత్సరంలో వెసూవియస్ పేలినప్పుడు చనిపోయినవాళ్ల శరీరాలు బూడిదలో ఖాళీలుగా మిగిలాయి. 1863లో ఫియొరెల్లి వాటిలో ప్లాస్టర్ పోయించి ఆ ఆకారాలను బయటికి తీశాడు. దొరల మేడల గురించి లోకమంతా మాట్లాడింది. పాంపే శివారులో బానిసలు పడుకున్న ఇరుకు గది, అందులో మూడు మంచాలు, ఒకటి పిల్లవాడికి సరిపోయేంతది, 2021లో గానీ బయటపడలేదు. బూడిద అందరినీ ఒకేలా కప్పింది. వెతికేవాళ్లు మాత్రం మేడల దగ్గరే మొదలుపెట్టారు.

ఇక మన బూడిద దిబ్బల దగ్గరికి వద్దాం.

బళ్లారి, రాయచూరు, అనంతపురం, పాత మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇలాంటి దిబ్బలు చాలా ఉన్నాయి. మన రాయదుర్గం కూడా 1953 దాకా బళ్లారి జిల్లాలోదే. ఇప్పటి సరిహద్దులతో చూస్తే ఈ చరిత్ర అర్థం కాదు. బ్రిటిష్ అధికారులు ఈ దిబ్బలను చూసి తలా ఒక మాట అన్నారు. అగ్నిపర్వతం అన్నారు. ఇనుము కరిగించిన చిట్టెం అన్నారు. యుద్ధంలో చచ్చినవాళ్ల చితులన్నారు, నరబలులు కూడా అన్నారు. సైన్యంలో పనిచేస్తూ తీరిక వేళల్లో ఇలాంటివి వెతికిన న్యూబోల్డ్ 1843లో వీటి మీద ఒక వ్యాసం రాశాడు.

ఊళ్లలో వేరే కథ ఉంది. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటు అంటారు. చెట్టు చాటు నుంచి బాణం తగిలి చచ్చిన వాలి! ఎవరి బూడిదో తెలియనప్పుడు, పురాణంలో చంపబడ్డవాడికి దాన్ని అంటగట్టారు. ఇది గుర్తుపెట్టుకోండి.

అసలు సంగతి కనిపెట్టింది రాబర్ట్ బ్రూస్ ఫూట్. ఆయన ఉద్యోగం భూగర్భ సర్వేలో. పురావస్తు పని సొంత ఆసక్తితో చేశాడు. 1863లో చెన్నై దగ్గర పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించిన మనిషి ఆయనే. ఈ దిబ్బలు కాలిన పశువుల పేడ అని ఆయన చెప్పాడు. చాలామంది నమ్మలేదు. 1957లో ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్వినప్పుడు దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, బూడిదలో గిట్టల గుర్తులు బయటపడ్డాయి. 1960లో జాయ్‌నర్ ప్రయోగశాలలో పరీక్షించి పేడేనని తేల్చాడు. పేడ పేరుకున్నాక తగలబెట్టడం, మళ్లీ పేరుకోవడం, మళ్లీ తగలబెట్టడం. ఆ వేడికి అది కరిగి గాజులా గడ్డకట్టింది. చూసినవాళ్లు అగ్నిపర్వతం అనుకున్నది అందుకే.

మనకు పక్కనే, పాత కళ్యాణదుర్గం తాలూకా పాలవాయిలో కూడా ఇలాంటి దిబ్బ ఉంది. వి. రామిరెడ్డి దాన్ని తవ్వి చేసిన పరిశోధనను 1976లో రాష్ట్ర ప్రభుత్వం పుస్తకంగా వేసింది. అనంతపురంలో ఎంతమంది చరిత్ర విద్యార్థులకు ఈ సంగతి తెలుసు?

ఇప్పుడు ఎముకల దగ్గరికి వద్దాం. ఈ దిబ్బల్లో ఎక్కువగా కనిపించేవి పశువుల ఎముకలు. కర్ణాటక షోరాపూర్ ప్రాంతంలోని బుదిహాళ్‌లో డెక్కన్ కాలేజీ ఆచార్యుడు కె. పద్దయ్య తవ్వినప్పుడు, పశువులను కోసి మాంసం పంచుకున్న ఒక చోటే బయటపడింది. సుమారు ఐదు వేల ఏళ్ల కిందట మొదలైన బతుకు ఇది. వాళ్లు ఆవులను మేపారు, పేడను పోగేశారు, గొడ్డు మాంసం తిన్నారు. అండుకొర్రలు, ఉలవలు, పెసలు పండించారు. కరువు సీమలో ఇప్పటికీ మనల్ని బతికిస్తున్న గింజలే అవి.

ఆవు పేరుతో మన పళ్లెంలోకి తొంగిచూసే రోజుల్లో ఈ మాట చెప్పాల్సిందే. అయితే ఒక జాగ్రత్త. ఆ పశువుల కాపరులు ఫలానా కులానికి పూర్వీకులని నేను చెప్పను. ఎవరు చెప్పినా నమ్మకండి. కులం కట్టిన కథకు బదులుగా మనమూ ఇంకో కథ కడితే అది చరిత్ర కాదు. అంబేడ్కర్ 1948లో అంటరానివాళ్ల పుట్టుక గురించి రాసినప్పుడు, తన వాదనలో రుజువు ఏదో, ఊహ ఏదో విడదీసి చెప్పాడు. ఆ నిజాయితీ మనం నేర్చుకోవాలి.

మనుషులను వాళ్లు ఎక్కడ పాతిపెట్టారు? సరిహద్దు దాటితే మొలకాల్మూరు తాలూకాలో బ్రహ్మగిరి ఉంది. 1947లో వీలర్ అక్కడ తవ్వాడు. చనిపోయిన పసిపిల్లలను కుండల్లో పెట్టి, ఊరి బయట కాకుండా ఇళ్ల మధ్యే పాతిపెట్టారు. చచ్చిన బిడ్డను కూడా దగ్గరే ఉంచుకున్న మనుషులు వాళ్లు. ఇప్పుడు మన వాడల్లో మనిషి పోతే శవాన్ని ఏ దారిన తీసుకుపోవాలి, ఎక్కడ గుంత తీయాలి అని తగాదా పడుతున్నాం. శ్మశానానికి సెంటు భూమి కోసం అర్జీలు పెడుతున్నాం.

ఇంకొక మాట. ఫూట్ పేరు, వీలర్ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. ఉండాల్సిందే. కానీ పార పట్టింది వాళ్లు కాదు. ఎండలో గంపలెత్తిన కూలీల పేర్లు ఎక్కడున్నాయి? జ్వాలాపురంలో కూడా తోమే పొడుల కోసం కూలీలు ఆ బూడిదను తవ్వి అమ్మకానికి పంపుతుండగానే పొరలు బయటపడ్డాయి. మా అవ్వ పెద్దింటి కొట్టాల్లో పేడ ఎత్తి, గంపలతో దిబ్బకు మోసి బతికింది. పెంటదిబ్బ అంటే మాకు తిట్టు. అలాంటి పెంటదిబ్బే దక్షిణ భారతంలో మొదటి రైతుల చరిత్రను దాచిపెట్టిందని తెలిసిన రోజు నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. ఫొటో చూసి అది మనిషి ఎముకో, ఎద్దు ఎముకో నేను చెప్పలేను. కానీ ఏ పొరలో, దేని పక్కన ఉందో అదే దాని సాక్ష్యం. నువ్వు పీకి ఇంటికి తెస్తే అది వట్టి ఎముక అవుతుంది. కాబట్టి కదిలించకు. స్కేలో పెన్నో పక్కన పెట్టి ఫొటో తియ్యి. చోటు, తేదీ, సర్వే నంబరు రాసుకో. తహసీల్దారుకు, పురావస్తు శాఖకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకో. అది కొత్త సమాధి అయితే అది ఎవరో ఒకరి ఇంటి మనిషి. పక్కకు జరిగి దండం పెట్టు. ఆ దిబ్బను ఎరువు కోసం ట్రాక్టర్లలో తోలుతుంటే మాత్రం అందరినీ పిలువు, నన్నూ పిలువు.

ఊళ్లో ఎవరైనా వచ్చి అది రాక్షసుడి బూడిద అంటే, వాళ్లతో కొట్లాడొద్దు. పేడ అని చెప్పు. ఎవరు ఎత్తిన పేడో కూడా అడుగు.

జై భీమ్.