కారు అడుగురేకు పుట్టుపూర్వోత్తరాలు

నిజామాబాద్ నుంచి వర్ని వైపు పోయే దారిలో మోస్రా వస్తుంది. అటు చందూరు, రుద్రూరు, ఇటు బోధన్. నిజాంసాగర్ కాలువ నీళ్లతో వరి, చెరకు పండించిన ఊళ్లు ఇవి. ఈ ప్రాంతంలో ఓ పాత జీపూ, ఓ పాత అంబాసిడరూ ఒకే రేకుల షెడ్డు కింద ఏళ్ల తరబడి నిలబడి ఉన్నాయనుకుందాం. తుప్పు రెండింటినీ తింటుంది. జీపు నేలలో కాలు దిగేంత బొక్క పడినా బండి మాత్రం నిటారుగా నడుస్తుంది. అంబాసిడర్‌కు గడప దగ్గర అంతే తుప్పు పడితే తలుపు కిందికి జారి సరిగా మూసుకోదు. జాకీ పెడితే బండి లేవదు, జాకీయే రేకులోకి దిగబడుతుంది. ఒకే తుప్పు రెండు బండ్లను రెండు రకాలుగా ఎందుకు దెబ్బతీస్తుందో తెలియాలంటే కారు అడుగురేకు పుట్టిన నాటి నుంచీ చెప్పుకోవాలి.

తొలినాటి కారుకు అడుగున రేకే లేదు. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డపట్టీలు. దీన్నే ఛాసిస్ అన్నారు. ఇంజిను, ఇరుసులు, కమాన్లు అన్నీ దానికే బిగించేవారు. బరువంతా అదే మోసేది. దానిపైన కూర్చునే బాడీని గుర్రపు బగ్గీలు చేసే పనివాళ్లే చెక్క చట్రంతో కట్టేవారు. ఛాసిస్ ఒక కంపెనీ దగ్గర, బాడీ మరో కంపెనీ దగ్గర కొనడం అప్పట్లో మామూలే. మన కళ్ల ముందున్న ఉదాహరణ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని ఆర్డరు చేశాడు. 1911లో ఆయన కన్నుమూయడంతో కారు ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో చేరింది. ఛాసిస్ రోల్స్ రాయిస్‌ది, బాడీ లండన్‌లోని బార్కర్ కంపెనీది. అలాంటి కార్లలో కాళ్ల కింద ఉండేవి చెక్క పలకలు. పలక పుచ్చితే వడ్రంగి వచ్చి మార్చేవాడు, కారు బలం రవ్వంత కూడా తగ్గేది కాదు.

చెక్క పోయి ఉక్కు రావడానికి మూడు పనులు కలిసి వచ్చాయి. రెండు రేకులను కలిపి పట్టుకుని, కరెంటు పంపి, ఆ వేడికి ఒకచోట అతుక్కునేలా చేసే విధానాన్ని అమెరికాలో ఎలిహు థామ్సన్ 1880లలో కనిపెట్టాడు. నేటి స్పాట్ వెల్డింగుకు మూలం అదే. ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ బడ్ 1912లో కంపెనీ పెట్టి, రేకును ప్రెస్సులో నొక్కి పూర్తి ఉక్కు బాడీలు తయారుచేశాడు. డాడ్జ్ కంపెనీ అతని తొలి పెద్ద ఖాతాదారు. 1920లలో కెంటకీ రాష్ట్రంలోని ఆష్‌లాండ్‌లో జాన్ టైటస్ వెడల్పాటి రేకును ఆగకుండా సాగదీసే రోలింగ్ మిల్లును నడిపి చూపాడు. నేల మొత్తానికి సరిపడే రేకు చవగ్గా దొరకడానికి ఆ మిల్లే కారణం.

అయినా అప్పటికి ఉక్కు నేల వట్టి మూతే, మోత ఛాసిస్‌దే. ఆ లెక్క మార్చింది ఇటలీ. 1922లో విన్సెంజో లాంచియా తన లాంబ్డా కారులో విడి ఛాసిస్ లేకుండా బాడీనే బరువు మోసేలా చేశాడు. 1934లో ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీ ట్రాక్షన్ అవాంట్‌తో ఆ పద్ధతిని భారీ ఉత్పత్తిలోకి తెచ్చింది. దీన్ని మోనోకాక్ అంటారు. కుండకు లోపల వేరే చట్రం ఉండదు, దాని గోడే దాని బలం. ఈ కారూ అంతే. అడుగురేకు, గడపలు, స్తంభాలు, పైకప్పు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబెడతాయి. బరువు తగ్గింది, ఖర్చు తగ్గింది, కారు ఎత్తూ తగ్గింది. ఆనాటి నుంచి అడుగున ఉన్న పలచని రేకు మీద పెద్ద బాధ్యత పడింది.

మన దేశానికి ఈ పద్ధతి మోరిస్ కంపెనీ ద్వారా వచ్చింది. ఇంగ్లండులో 1938లో వచ్చిన మోరిస్ టెన్ సిరీస్ ఎం, ఛాసిస్ లేకుండా ఆ కంపెనీ చేసిన తొలి కారు. బిర్లాలు 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ గుజరాత్‌లోని ఓఖా రేవులో దాన్నే బిగించి హిందుస్థాన్ టెన్ అని అమ్మింది. తర్వాత కర్మాగారం కలకత్తా దగ్గరి ఉత్తర్‌పాడాకు మారింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ ఇక్కడ ల్యాండ్‌మాస్టర్ అయింది, మూడో సిరీస్ 1950ల చివర్లో అంబాసిడర్ అయింది. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ చేసిన ఫియట్ 1100, అంటే తర్వాతి పద్మిని, అదీ ఛాసిస్ లేనిదే. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మాత్రం పాత దారిలో విడి ఛాసిస్ మీద బోల్టులతో బిగించిన బాడీ. 1947 నుంచి మహీంద్రా బిగించిన విల్లీస్ జీపు కూడా దూలాల ఛాసిస్‌దే. మోస్రా షెడ్డులోని రెండు బండ్లు రెండు వేర్వేరు వంశాలవని ఇప్పుడు తేలింది కదా. జీపుకు నేల ఒక మూత. అంబాసిడర్‌కు నేల ఒక దూలం.

అంబాసిడర్ కింద పడుకుని చూస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. తలుపుల కింద రెండు వైపులా పొడవునా పోయే గడపలు లోపల బోలుగా ఉన్న పెట్టెలు. నేల రేకు వాటికి స్పాట్ వెల్డింగుతో అతికి ఉంటుంది. ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులుండవు, టార్షన్ బార్లు ఉంటాయి. ఆ ఉక్కు కడ్డీలు మెలిపడి చక్రం ఎగుడుదిగుళ్లను మోస్తాయి. వాటి వెనక కొసలు నేల కింది అడ్డదూలానికి బిగించి ఉంటాయి. ఆ దూలం చుట్టూ రేకు పుచ్చిందంటే చక్రం మోసే బరువు నిలిచే చోటు లేనట్టే. వెనక కమాన్లు వేలాడే హ్యాంగర్ల సంగతీ అంతే. సీట్లు, వాటి బెల్టులు బిగించేదీ ఈ రేకుకే. అందుకే నేల రేకు మార్చడం అనేది అందం కోసం చేసే డెంటింగ్ పని జాబితాలోకి రాదు.

ఇక తుప్పు సంగతి. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు. అది తాను తిన్న ఇనుము కంటే రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకుల అతుకు మధ్య పుడితే ఉబ్బి ఆ అతుకునే విడదీస్తుంది. చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు దీన్ని ఉరికిస్తుంది. మనకు ఆ ఉప్పు లేకపోయినా దాని అన్నదమ్ములున్నారు. ఎరువుల దుకాణంలో దొరికే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ నిజానికి పొటాషియం క్లోరైడ్. బస్తా డిక్కీలో వేసుకొచ్చినప్పుడు రాలిన గింజలు తేమ పీల్చుకుని ఉప్పు చేసే పనే చేస్తాయి. నాట్ల కాలంలో పొలాల బురద గడపల కింది నీటి రంధ్రాలను మూసేస్తుంది. లోపలికి చేరిన నీరు బయటికి పోదు. ముందు అద్దం రబ్బరు ఎండి పగిలితే వాన నీరు నేలకు దిగుతుంది, పైన పరిచిన రబ్బరు మ్యాటు దాన్ని ఆరనివ్వదు. తుప్పు పైనుంచీ కిందినుంచీ కాక లోపలినుంచి పుట్టేది ఇలాగే. అందుకే రంగు బాగున్న బండిని నమ్మకూడదు.

రక్షణ మార్గాలు లోకానికి తెలియక కాదు. వేడి జింకులో ముంచి ఇనుముకు పూత వేసే పద్ధతికి ఫ్రాన్స్‌లో స్టానిస్లాస్ సోరెల్ 1837లో పేటెంటు పొందాడు. మన జీఐ రేకు దాని సంతతే. బాడీ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి కరెంటుతో మూలమూలకూ రంగు పట్టించే పద్ధతిని ఫోర్డ్ కంపెనీ 1960లలో తెచ్చింది. 1970ల మధ్యలో పోర్షే, 1980ల మధ్యలో ఆడి జింకు పూసిన రేకుతో కార్లు చేశాయి. అంబాసిడర్ ఒడ్డూపొడుగూ నిర్ణయమైన 1950లలో ఇవేవీ కార్ల కర్మాగారాల్లోకి రాలేదు. అందుకే పాత కారు బతకాలంటే చివరికి రేకు కోసి కొత్తది వేయక తప్పదు.

నిజామాబాద్ జిల్లాకు ఉక్కు పని కొత్త కాదు. కోనసముద్రంలో మూసలో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దపు తొలి నాళ్లలో హెన్రీ వోయిసీ రాశాడు. డమాస్కస్ కత్తులతో పేరు ముడిపడిన ఆ ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. కారు నేలకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకమైన లక్షణం. కార్బన్ 0.1 శాతం దగ్గర ఉండే మెత్తని ఎంఎస్ రేకు కావాలి. వంచితే వంగాలి, వెల్డింగ్ చేస్తే పగలకూడదు. నేలకు 20 లేదా 18 గేజీ రేకు సరిపోతుంది. 20 గేజీ అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు, 18 గేజీ అంటే 1.2 మిల్లీమీటర్లు. గేజీ అంకె పెరిగే కొద్దీ రేకు పలచబడుతుంది. గట్టిగా ఉంటుందని మరీ మందపు రేకు వేయిస్తే పక్కనున్న పాత పలచటి రేకు వెల్డింగు వేడికి కాలి బొక్కలు పడుతుంది.

అతికే పద్ధతికీ చరిత్ర ఉంది. కార్బైడ్‌ను నీళ్లలో వేస్తే పుట్టే అసిటిలిన్‌ను ఆక్సిజన్‌తో మండించే గ్యాస్ వెల్డింగును 1903 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఫూషే, పికార్ అనే ఇద్దరు పనికి తెచ్చారు. మన రోడ్డు పక్క షెడ్లలో కార్బైడ్ డ్రమ్ము చాలా కాలం రాజ్యమేలింది. దాని మంట పలచటి రేకును ఎక్కువ మేర వేడెక్కించి వంకర తిప్పుతుంది. ఆర్క్ వెల్డింగు రాడ్డు దూలాలకు బాగుంటుంది, నేల రేకుకు మాత్రం మరీ వేడి. 1950లలో వచ్చిన సీఓటూ వెల్డింగ్ ఈ పనికి సరైన జోడీ. తీగ తనంతట తానే వస్తుంది, గ్యాసు కరిగిన లోహాన్ని గాలి నుంచి కాపాడుతుంది, వేడి ఒకచోటే ఉంటుంది.

బ్రిటన్‌లో 1960లో పాత కార్ల తనిఖీ మొదలైంది. సస్పెన్షన్, సీటు బెల్టులు బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపు తుప్పు బలహీనపరిస్తే కారు ఫెయిల్ అనే నియమం తర్వాత స్థిరపడింది. దాంతో నేల రేకులు, గడపలు విడిగా తయారుచేసి అమ్మే పరిశ్రమే పుట్టుకొచ్చింది. 1988లో ఎంజీబీ కారుకు పూర్తి కొత్త బాడీనే తయారుచేసి అమ్మారు. మన దగ్గర అంబాసిడర్‌కు అలాంటి ఏర్పాటు ఎదగలేదు. అట్టముక్క మీద కొలత గీసి, రేకు కోసి, సుత్తీ డాలీతో గట్లు తీర్చే మేస్త్రీ చేతిమీదే అంతా ఆధారపడింది.

మంచి మేస్త్రీ పని వరుస ఇలా ఉంటుంది. బ్యాటరీ, సీట్లు, పెట్రోలు ట్యాంకు తీసేస్తాడు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూసి, గట్టి రేకు ఎక్కడ మొదలవుతుందో సున్నంతో గీస్తాడు. బండిని నాలుగు మూలలా సమమట్టంగా నిలబెడతాడు. గడప కోసే ముందు తలుపు సందులో అడ్డంగా ఇనుప పట్టీ వెల్డింగ్ చేస్తాడు, లేకపోతే బండి మధ్యకు వంగి తలుపులు మళ్లీ సరిపడవు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కోస్తాడు. పాత స్పాట్ వెల్డింగులను డ్రిల్లుతో విప్పుతాడు. కొత్త రేకుకు అక్కడే రంధ్రాలు వేసి వాటిని వెల్డింగుతో నింపుతాడు. పొడవు అతుకులను ఒకేసారి లాగకుండా అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క వేసుకుంటూ పోతాడు. చివర్లో జింకు ప్రైమరు, అతుకులకు సీలరు, గడపల లోపల మైనం, అన్నిటికీ మించి నీటి రంధ్రాలు తెరిచి ఉంచడం.

చెరకు నేలకు దగ్గరి చిట్కా ఒకటుంది. ఒక పాలు మొలాసిస్‌ను తొమ్మిది పాళ్ల నీళ్లలో కలిపి తుప్పు పట్టిన చిన్న భాగాలను ముంచితే, వారం నుంచి మూడు వారాల్లో తుప్పు వదిలిపోయి ఇనుము మిగులుతుంది. అందులోని పదార్థాలు తుప్పులోని ఇనుప అణువులను పట్టి లాగుతాయి. పాత కార్లు బాగుచేసేవాళ్లు చాలా దేశాల్లో వాడే పద్ధతి ఇది. హ్యాంగర్లు, బ్రాకెట్లు, తలుపు మడతబందులకు పనికొస్తుంది. అల్యూమినియం భాగాలు వేస్తే తినేస్తుంది. అతుకుల మధ్య ద్రవం నిలిచిపోతుంది కాబట్టి మొత్తం బాడీకి వాడకూడదు. ఆ మొలాసిస్ గుట్టలుగా ఊరిన బోధన్ శక్కర్‌నగర్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అంతకు ముందు ఏడాది, 2014 మేలో ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ ఆగింది.

యజమానులు మరిచిపోయేది చట్టం. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చని కేంద్రం 2021లో నిబంధన తెచ్చింది. అది అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌కు గానీ బాడీ షెల్‌కు గానీ ఇంజినుకు గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కాబట్టి నేల మార్చినా గట్లు, కొలతలు అసలువే ఉండాలి. ఛాసిస్ నంబరున్న ముక్కను కోయకూడదు. కోయడానికి ముందూ తర్వాతా ఫోటోలు తీసి పెట్టుకుంటే రేపు ఆర్టీఓ ముందు మాట నిలుస్తుంది.

పుచ్చిన రేకు మీద తారు పూసి, రివిట్లతో జీఐ ముక్క కొట్టి, లప్పం పెట్టి రంగేస్తే నాలుగు వానలదాకా గడుస్తుంది. జీపు దూలాలు గట్టిగా ఉంటే నేలకు అది చెల్లుతుందేమో గానీ అంబాసిడర్‌కు, పద్మినికి చెల్లదు. ఇంట్లో పాత కారు ఉంచుకోవాలనుకునేవాళ్లు రంగు మాట చివరికి ఎత్తండి. ముందు మ్యాటు ఎత్తి, గడపలు పొడిచి చూసి, డబ్బంతా నేల మీద పెట్టండి. నేల గట్టిగా ఉన్న అంబాసిడర్ రంగు వెలిసినా కారే, నేల పోయిన అంబాసిడర్‌కు ఎంత మెరుపు రంగు వేసినా అది పాత ఇనుము కిందికే లెక్క.