పరదేశంలో విడిది బాడుగ: సొమ్ముకు పూచీ ఎవరు?

విదేశయాత్రకు సిద్ధమయ్యే మధ్యతరగతి కుటుంబానికి ఈ రోజుల్లో ఒక ప్రతిపాదన తరచుగా ఎదురవుతోంది. కొలంబోలోనో, బాలిలోనో, లిస్బన్‌లోనో వారం రోజులకు ఇల్లు అద్దెకిచ్చే యజమాని, బుకింగ్ వేదికను పక్కనబెట్టి సొమ్ము నేరుగా తన ఖాతాకే పంపమంటాడు. కమీషన్ మిగులుతుంది, ఇద్దరికీ లాభమే అంటాడు. యాత్రికుడికి అది మామూలు బేరంగా కనిపిస్తుంది. నిజానికి దాని వెనుక ఉన్నది చాలా పాత ప్రశ్న. సముద్రానికి ఆవల ఉన్న అపరిచితుడికి మనం పంపిన సొమ్ముకు పూచీ ఎవరు? ఈ ప్రశ్నకు మన దేశంలో వర్తకులు ఒక జవాబు చెప్పారు, వలస ప్రభుత్వం మరొకటి చెప్పింది, స్వతంత్ర భారత ప్రభుత్వం ఇంకొకటి చెప్పింది. ఆ జవాబులను వరసగా చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. రాజ్యం చూపు ఎక్కువగా సరిహద్దు దాటే సొమ్ము మీదే నిలిచింది. ఆ సొమ్ము పంపిన మనిషి మీద పడింది అరుదు.

తెలుగు పాఠకులకు హుండీ అనగానే గుడిలోని కానుకల పెట్టె గుర్తుకొస్తుంది. వర్తకుల పరిభాషలో హుండీ అంటే ఒక ఊరి షరాబు మరో ఊరిలోని తన భాగస్వామి పేర రాసిచ్చే చెల్లింపు పత్రం. 17వ శతాబ్దంలో వజ్రాల కోసం గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, గోల్కొండ, ఆగ్రా వంటి నగరాల నుంచి సూరత్‌పై రాసే హుండీలకు ఎంత వట్టం పడుతుందో తన యాత్రాగ్రంథంలో నమోదు చేశాడు. హుండీల్లో ‘షాజోగ్’ అనేది ఒక రకం. దాన్ని తెచ్చిన ప్రతివాడికీ సొమ్ము ఇవ్వరు. బజారులో పరువున్న ‘షా’ ఎవరైనా తెస్తేనే చెల్లిస్తారు. ఆ పత్రం దొంగిలించినదనో, దిద్దినదనో తరువాత తేలితే, సొమ్ము తీసుకున్న షా దాన్ని తిరిగి ఇవ్వవలసిందే. ఆనాటి మధ్యవర్తి కమీషన్ పుచ్చుకున్నది సొమ్ము చేరవేసినందుకు మాత్రమే కాదు, తేడా వస్తే తన పరువును జామీనుగా నిలిపినందుకు కూడా.

ఐరోపాలో ఈ పూచీని యాత్రావ్యాపారంగా మలచినవాడు థామస్ కుక్. 1868లో ఆయన సంస్థ హోటల్ కూపన్లను ప్రవేశపెట్టింది. యాత్రికుడు స్వదేశంలోనే కుక్ సంస్థకు సొమ్ము కట్టి కూపన్లు కొనేవాడు. పరదేశంలోని హోటలువాడు ఆ కూపన్లు తీసుకొని, కుక్ సంస్థ నుంచి సొమ్ము రాబట్టుకునేవాడు. 1881లో ఈ సంస్థ బొంబాయిలో కార్యాలయం తెరిచింది. 1886లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం హజ్ యాత్రికుల ప్రయాణ ఏర్పాట్లను దానికి అప్పగించింది. కిక్కిరిసిన ఓడలు, దళారుల దోపిడీ, కలరా భయం అందుకు కారణాలు. సంస్థకు గిట్టుబాటు కాక 1890లలో ఆ ఏర్పాటు ముగిసింది. హైదరాబాద్ నిజాములు వేరే దారి ఎంచుకున్నారు. తమ రాజ్యపు యాత్రికుల కోసం మక్కాలో రుబాత్‌లను, అంటే ఉచిత విడిది గృహాలను నెలకొల్పారు. అద్దె పంపే చిక్కే లేకుండా ఇంటినే ముందుగా సమకూర్చారన్నమాట. పూర్వపు హైదరాబాద్ సంస్థాన ప్రాంతాల యాత్రికులను లాటరీ ద్వారా ఎంపిక చేసి అక్కడ బస కల్పించే పద్ధతి మన కాలం దాకా సాగింది.

ఒకప్పుడు భారతీయుడు పరదేశంలో ఇంటి యజమాని చేతికి నేరుగా రూపాయే ఇచ్చేవాడని ఈ తరానికి అంతగా తెలియదు. కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్‌లలో 20వ శతాబ్దం మధ్య దాకా చలామణి అయింది మన రూపాయే. బొంబాయి నుంచి వెళ్లిన వర్తకుడు దుబాయ్‌లో బస చేయడానికి మారకం చేయించుకోనక్కరలేదు. ఆ సౌలభ్యాన్ని బంగారం దొంగరవాణా దెబ్బతీసింది. గల్ఫ్ నుంచి దొంగచాటుగా వచ్చే బంగారానికి ఇక్కడివారు రూపాయల్లో చెల్లించేవారు. ఆ రూపాయలు గల్ఫ్ బ్యాంకుల గుండా తిరిగొచ్చినప్పుడు రిజర్వు బ్యాంకు వాటికి విదేశీ మారకం ఇవ్వవలసి వచ్చేది. అందుకే 1959లో చట్టాన్ని సవరించి గల్ఫ్ కోసం వేరే రంగులో ప్రత్యేక నోట్లు ముద్రించారు. హజ్ యాత్రికులకూ ప్రత్యేక నోట్లు వచ్చాయి. 1961లో కువైట్ సొంత దీనారు తెచ్చుకుంది. 1966 జూన్ 6న రూపాయి విలువను తగ్గించి, డాలరుకు 4.76గా ఉన్న మారకాన్ని 7.50కి మార్చగానే, అప్పటికీ దాన్నే వాడుతున్న గల్ఫ్ రాజ్యాలూ ఒక్కొక్కటిగా దూరమయ్యాయి.

మరోవైపు అనుమతుల కాలం అప్పటికే మొదలై ఉంది. 1939 సెప్టెంబరులో యుద్ధకాలపు తాత్కాలిక చర్యగా వచ్చిన విదేశీ మారక ఆంక్షలు 1947లో చట్టమయ్యాయి, 1973 చట్టంతో మరింత బిగిశాయి. విదేశీ ప్రయాణానికి టికెట్ కొనాలంటే ‘పీ ఫారం’ మీద రిజర్వు బ్యాంకు ఆమోదం కావాలి. ఎనిమిది డాలర్లతో అమెరికాలో దిగామని ఆ తరం తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎనిమిది డాలర్లు చేతపట్టుకున్నవాడికి విడిది బాడుగ ప్రసక్తి ఎక్కడిది? ముందు వెళ్లిన బంధువు గదే అతడి విడిది. కాస్త స్తోమత ఉన్నవారిలో కొందరు హవాలా దారి పట్టారు. అక్కడ ఉన్నవాడు డాలర్లు ఖర్చు పెడతాడు, ఇక్కడ అతడి కుటుంబానికి రూపాయలు ముట్టజెబుతారు. ఆనాటి చట్టం దాన్ని నేరంగా చూసింది. 2000 జూన్ నుంచి అమలైన ఫెమా కింద కూడా అది ఉల్లంఘనే. మా అన్నయ్య హైదరాబాద్‌లోనే ఉన్నాడు, అద్దె ఆయనకు రూపాయల్లో ఇచ్చేయండి అని విదేశంలోని యజమాని నేడు చెబితే, ఆ తియ్యటి మాట వెనుక ఉన్నది ఈ పాత హవాలాయే.

మనం డాలర్లు లెక్కపెట్టుకుంటున్న ఆ దశాబ్దాల్లోనే బ్రిటన్ వేరే పాఠం నేర్చుకుంది. 1974 ఆగస్టులో కోర్ట్ లైన్ అనే పెద్ద యాత్రాసంస్థ దివాలా తీసి వేలాది యాత్రికులు చిక్కుబడ్డారు. మరుసటి ఏడాదే యాత్రికుల సొమ్ముకు రక్షణనిధి ఏర్పరుస్తూ పార్లమెంటు చట్టం చేసింది. 1990లో ఐరోపా కూటమి కూడా ప్యాకేజీ యాత్రలకు అలాంటి హామీని తప్పనిసరి చేసింది. 2019 సెప్టెంబరు 23న బ్రిటన్‌లోని థామస్ కుక్ సంస్థే కూలిపోయింది. అదే పేరుతో ఉన్న భారతీయ సంస్థ అప్పటికే వేరే యాజమాన్యంలో ఉంది. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ సుమారు లక్షన్నర మందిని ఇళ్లకు చేర్చింది. హోటళ్లవారికి రావలసిన బాకీలు మాత్రం మునిగాయి. మధ్యవర్తి కూడా కూలిపోవచ్చు. ఆ కూలినచోట యాత్రికుడికి అండ ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మన దేశంలో తలుపులు తెరుచుకున్న తీరు వేరు. 1991 సంక్షోభంలో బంగారం కుదువపెట్టిన దేశం, 1994 ఆగస్టులో కరెంటు ఖాతా చెల్లింపులపై ఆంక్షలు ఎత్తివేస్తున్నట్లు అంతర్జాతీయ ద్రవ్యనిధికి హామీ ఇచ్చింది. 2004లో ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద వ్యక్తులు ఏటా 25 వేల డాలర్లు పంపుకునే వీలు కలిగింది. ఆ పరిమితి రెండు లక్షలకు పెరిగి, 2013లో రూపాయి పడిపోగానే 75 వేలకు కుంచించుకుపోయి, 2015లో రెండున్నర లక్షలకు చేరింది. 2020 అక్టోబరు నుంచి ఈ చెల్లింపులపై టీసీఎస్ మొదలైంది. 2023 అక్టోబరు నుంచి ఏడు లక్షల రూపాయలు దాటిన యాత్రాఖర్చుపై అది 20 శాతమైంది. 2025 ఏప్రిల్‌లో ఆ గీతను పది లక్షలకు జరిపారు. ప్రతి అడుగులోనూ లెక్క డాలరుదే. పన్ను వసూలుకు ఇంత పకడ్బందీ యంత్రాంగం నిర్మించిన ప్రభుత్వం, అదే సొమ్ము పరదేశంలో మోసగాడి పాలైతే ఎవరిని అడగాలో చెప్పే చిన్న కిటికీ కూడా తెరవలేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మన ఊరి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఆ ఉత్తర్వును బాలిలోని ఇంటి యజమాని మీద అమలు చేసేదెవరు?

ఇప్పుడు రూపాయి ఫోన్ తెరమీదుగా మళ్లీ సరిహద్దులు దాటుతోంది. 2021 జులైలో భూటాన్‌లో, 2024 ఫిబ్రవరిలో శ్రీలంక, మారిషస్‌లలో, ఆ వెంటనే నేపాల్‌లో యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి. ఇది స్వాగతించదగిన పరిణామమే. అయితే వేగం వేరు, పూచీ వేరు. క్రెడిట్ కార్డుతో చెల్లిస్తే, పొందని సేవపై బ్యాంకు ద్వారా సొమ్ము వెనక్కి అడిగే పద్ధతి ఉంది. బుకింగ్ వేదికల్లో ఎయిర్‌బీఎన్‌బీ వంటివి అతిథి ఇంట్లో దిగాకే యజమానికి సొమ్ము విడుదల చేస్తాయి. మనమే నేరుగా పంపిన సొమ్ము యజమాని ఖాతాలో పడ్డాక, అతడు ఒప్పుకుంటే తప్ప వెనక్కి రావడం దుర్లభం. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఇది విలాసయాత్రికుల గొడవ మాత్రమే కాదు. 2025లో ప్రైవేటు నిర్వాహకుల ద్వారా హజ్‌కు వెళ్లవలసిన 52 వేలకు పైగా భారతీయుల్లో అత్యధికులకు ప్రయాణం తప్పిపోయింది. మీనాలో శిబిరాలు, బస, రవాణా ఒప్పందాలు సౌదీ గడువులోగా పూర్తికాలేదు. మన ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక పది వేల మందికి మాత్రమే దారి తెరుచుకుంది. జీవితకాలపు పొదుపును ముందుగా కట్టిన సామాన్యుడికి, ఆ సొమ్ము ఏ తారీఖున ఎవరి ఖాతాకు చేరిందో తెలుసుకునే మార్గం లేకపోయింది.

కాబట్టి కోరవలసినవి రెండు. యూపీఐ విస్తరణపై పొరుగుదేశాలతో చేసుకునే ప్రతి ఒప్పందంలో వివాద పరిష్కారానికి గడువుతో కూడిన నిబంధన ఉండాలి. విదేశీ యాత్రల కోసం ముందుగా వసూలు చేసే సొమ్ముకు బ్రిటన్ తరహా రక్షణనిధి మన చట్టంలో చోటు చేసుకోవాలి. అంతవరకూ యాత్రికుడు షాజోగ్ హుండీ నీతినే పాటించడం మేలు. ఖాతా పేరు, ఇంటి యజమాని పేరు ఒకటేనా చూసుకోవాలి. ఒప్పందం రాతలో ఉండాలి. బయానా స్వల్పంగా ఇచ్చి, మిగతాది తాళంచెవి చేతికి వచ్చాకే చెల్లించాలి. అందుకు ఒప్పుకోని యజమాని మిగులుస్తానంటున్న కమీషన్ నిజానికి మన పూచీ ఖరీదు.