కారంపూడి కోడిపోరు, మన బడి చెడుగుడు

1985 డిసెంబరులో మన బడి మైదానంలో రేపల్లె జట్టుతో జరిగిన చెడుగుడు పోటీ గుర్తున్నవాళ్ళు ఈ సంచిక చదివేవారిలో కొందరైనా ఉంటారు. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. ఆఖరి కూతలో మనవాడి చెయ్యి గీతను తాకిందా లేదా అన్న తగువు తేలకముందే, రేపల్లె బండికి టైమైందని వాళ్ళంతా తెనాలి స్టేషనుకు పరుగెత్తారు. బాపట్ల నుంచి వచ్చిన రిఫరీ గారు కూడా ఈల జేబులో వేసుకుని బయలుదేరారు. ఆ తగువు ఇప్పటికీ అలాగే ఉంది.

స్వర్ణోత్సవాల కమిటీ సమావేశంలో ఒక మిత్రుడు, "ఆ పోటీని అదే మైదానంలో, అప్పటి ఆటగాళ్ళతోనే మళ్ళీ ఆడిద్దాం" అన్నాడు. యాభై దాటిన మోకాళ్ళతో చెడుగుడేమిట్రా అని అందరం నవ్వాం. ఇంటికి వెళ్ళాక మాత్రం నాకు కారంపూడి గుర్తొచ్చింది. తరతరాలుగా ఒక పాత పోటీని ఏటా మళ్ళీ ఆడి చూపిస్తున్న ఊరది. నేను నాగార్జునసాగర్ కుడి కాలువ మీద ఉద్యోగం చేసిన రోజుల్లో చాలాసార్లు ఆ దారిన తిరిగాను. అందుకే ఈ నాలుగు మాటలు.

పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివర జరిగింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఇద్దరూ అనుగురాజు కొడుకులే, తల్లులు వేరు. అటు మంత్రి నాయకురాలు నాగమ్మ, ఇటు మంత్రి బ్రహ్మనాయుడు. రాజ్యం పంచుకున్నా పగలు చల్లారలేదు. చివరికి కోడిపందెం పెట్టుకున్నారు. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగి. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళాలన్నది షరతు. మలిదేవుడి పక్షం ఓడి అడవుల పాలైంది. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజు విషానికి బలయ్యాడు. తర్వాత కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడితో సహా ఒక తరం అంతా అక్కడ నేలకొరిగింది.

ఇది పల్నాడు వాళ్ళ కథ, డెల్టా వాళ్ళకేం సంబంధం అనుకునేవాణ్ణి. ఆ అభిప్రాయం తప్పని చెప్పింది మన సోషల్ మాస్టారు. కథ ప్రకారం అనుగురాజు భార్య మైలమదేవి వెలనాటి చోడుల ఆడపడుచు. పల్నాడు ఆమెకు అరణంగా వచ్చిన సీమ. నలగాముడు ఆమె కొడుకే. ఆ వెలనాటి చోడుల రాజధాని చందవోలు బాపట్లకూ రేపల్లెకూ మధ్యన ఉంది. లింగోద్భవస్వామి గుడి చూడ్డానికి మనలో చాలామంది వెళ్ళిన ఊరే. అంటే ఆ కోడిపందెంలో ఒడ్డిన రాజ్యం మన పక్క ఊరి నుంచి పుట్టింటి కానుకగా వెళ్ళినదన్నమాట. ఆ యుద్ధం తర్వాత వెలనాటి బలం కూడా క్షీణించింది, కాకతీయులకు దారి సుగమమైంది. 2022లో జిల్లాలు విడిపోయి తెనాలి గుంటూరులో, బాపట్ల, రేపల్లె బాపట్లలో, కారంపూడి పల్నాడులో పడ్డాయి గానీ మనం చదువుకునే రోజుల్లో అన్నీ ఒకే గుంటూరు జిల్లా.

కథ మిగలడానికి పుస్తకాలూ తోడ్పడ్డాయి. శ్రీనాథుడు రాసినట్టు చెప్పే ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చు వేయించారు. అలిసెట్టి గాలేయ్య పాడిన మౌఖిక కథను అమెరికా పరిశోధకుడు జీన్ రోగేర్ ఇంగ్లీషులోకి అనువదిస్తే 1982లో ఆక్స్‌ఫర్డ్ వారు ప్రచురించారు. అయితే పుస్తకం చేతపట్టనివాళ్ళకు కూడా ఈ కథ నోటికి వచ్చిందంటే కారణం వీరవిద్యావంతుల పాట, కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాలు.

ఉత్సవాలు ఐదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరుల ఆయుధాలను తరతరాలుగా పూజిస్తున్న కుటుంబాలు వాటిని ఊళ్ళ నుంచి మోసుకొచ్చి, నాగులేటిలో కడిగి, వీరుల గుడికి చేరుస్తాయి. మందపోరు నాడు చాపకూడు. కులం అడగకుండా ఒకే చాప మీద అందరికీ అన్నం పెట్టిన బ్రహ్మనాయుడి జ్ఞాపకం అది.

పోయిన కార్తీకంలో మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక విషయం గమనించాను. కథలో కోడిపోరు ముందు, రాయబారం తర్వాత. ఉత్సవంలో మాత్రం కోడిపోరు నాలుగో రోజున వస్తుంది, ఆ మర్నాడే కళ్ళిపాడు. పందెం జరిగాక ఏళ్ళకు గానీ కథలో యుద్ధం రాదు. ఇక్కడ నిన్న ఆట, ఇవాళ చావులు. ఈ వరస ఎవరు పెట్టారో గానీ, రాజ్యాన్ని పందెంలో ఒడ్డితే ఏమవుతుందో పిల్లవాడికి కూడా అర్థమయ్యేలా ఉంది. ఇంకో సంగతి. చిట్టిమల్లు ఓడుతుందని చూసేవాళ్ళందరికీ తెలుసు. ఈసారైనా గెలిపిద్దామని ఎవరూ అనరు. ఎప్పుడో వచ్చిన ఫలితాన్ని అలాగే ఒప్పుకుని, పోయినవాళ్ళను ఆ నేల మీదే నిలబడి తలుచుకుంటారు.

ఆట నేలకు ఇలాంటి ప్రాణం ఇచ్చినవాళ్ళు వేరే దేశాల్లోనూ ఉన్నారు. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి సముద్రపు ఒడ్డు ఇసుక నేల మీద గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరి జనానిదని 1552లోనే ఆర్చిబిషప్పు పత్రం రాసిచ్చాడు. 1797లో డబ్బుకు కటకటలాడి పట్టణం ఆ నేల అమ్ముకుంది. కొన్నవాళ్ళు కుందేళ్ళు పెంచారు. ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 1821లో ఆట మీద అభిమానమున్న ఒక భూస్వామి కొన్నాక గానీ నేల కుదుటపడలేదు. ఆ శతాబ్దం చివర అది మళ్ళీ పట్టణానికి దక్కింది. ఇవాళ ప్రపంచంలోనే పేరున్న ఆ పాత మైదానంలో మామూలుగా ఆదివారం ఆట ఉండదు. ఊరి జనం పిల్లల్నీ కుక్కల్నీ వెంటేసుకుని దాని మీద నడుస్తారు. ఆ నేల తమదని వాళ్ళకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

ఇక మన బడి సంగతి. స్వర్ణోత్సవ భవనానికి ప్లాను గీసే పని కమిటీ నాకు అప్పగించింది. మొదటి ప్లానులో నేను హాలును మైదానానికి తూర్పు వైపున పెట్టాను. ఆ చోటును కాగితం మీద 'ఖాళీ స్థలం' అని రాసింది నేనే. ముప్పై ఏళ్ళుగా ప్లానుల మీద అదే మాట రాస్తున్నాను కాబట్టి చెయ్యి ఆగలేదు. కారంపూడి నుంచి తిరిగొచ్చాక ఆ కాగితం ముందేసుకుని చూస్తే, హాలు స్టేజీ సరిగ్గా మనం ఓడిపోయిన గీత మీద పడింది.

రెండో ప్లాను సిద్ధం చేశాను. వెనక వైపు పెంకుల గదులు ఎలాగూ పాడుబడ్డాయి. వాటి పునాదులు పై అంతస్తును మోయవు. పడగొట్టి అదే చోట రెండంతస్తులు కట్టాలి. ఖర్చు పెరుగుతుంది, ఏడాది ఆలస్యమూ అవుతుంది. ఇప్పటికే చందాలిచ్చిన మిత్రులు కొందరు ఇందుకు ఒప్పుకోవడం లేదు. వారి ఇబ్బంది నాకు తెలుసు. స్వర్ణోత్సవంలోనే శంకుస్థాపన చూడాలని ఉన్న పెద్ద మాస్టార్లూ ఉన్నారు. వారి కోరికను కాదనడం నాకు కష్టంగానే ఉంది. అయినా భవనం ఏడాది ఆగితే వచ్చే ఏడాది కట్టుకోవచ్చు, మైదానం ఒకసారి పోతే పిల్లలకు మళ్ళీ తెచ్చిపెట్టలేం. రెండు ప్లానులూ సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాం. దయచేసి వచ్చి చూసి, మీ మాట చెప్పండి.

చెడుగుడు మాత్రం ఖాయమైంది. రేపల్లె మిత్రులకు కబురు పెట్టాం. అప్పటి ఏడుగురిలో ఐదుగురు వస్తామన్నారు. ఒకాయన తన బదులు మనవణ్ణి పంపుతానన్నాడు. కూత పట్టలేనివాళ్ళు గీత దగ్గర నిలబడితే చాలు. పాత ఫలితాన్ని మార్చబోవడం లేదు, ఆ పాయింటు వాళ్ళదే. ఈసారి మాత్రం వాళ్ళను భోజనం పెట్టకుండా పంపేది లేదు. పంక్తి మైదానంలోనే, చాపల మీద. రేపల్లె బండి ఎన్నింటికో ముందే కనుక్కున్నాం.